హారన్ మోగుతోందా?

నేను గోపాలమిత్రను. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో ఒక ఊళ్ళో ఉంటాను. చుట్టుపక్కల ఎదకొచ్చిన ఆవులకు, బర్రెలకు సూది వేయడం నా పని. కాగితాల్లో దాన్ని కృత్రిమ గర్భధారణ అని రాస్తారు. రైతులకు అది సూదే. ఈ పనికి రెండు కావాలి. ఒకటి నైట్రోజన్ క్యాన్. మైనస్ 196 డిగ్రీల చలిలో వీర్యం స్ట్రాలు అందులో మునిగి ఉంటాయి. రెండోది బండి. క్యాన్ అడుగంటితే నింపించుకోవచ్చు. బండి లేకపోతే నా పనే లేదు.

ఎద ఎవరికోసమూ ఆగదు. పొద్దున కనిపిస్తే సాయంత్రం సూది పడాలి. సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున పడాలి. ఆ పూట దాటితే మళ్ళీ దాదాపు 21 రోజులు చూడాలి. అన్నాళ్ళూ రైతు మేత పెట్టాల్సిందే. చూడి వెనక్కి పోతుంది, పాలూ వెనక్కి పోతాయి. బర్రెల్లో మూగ ఎద ఎక్కువ. కొన్ని అరవను కూడా అరవవు. ఈసారి తప్పితే వచ్చేసారి కనిపెడతామన్న నమ్మకం ఉండదు.

నా బండి ఉగాది తర్వాత ఒకరోజు ఆగింది. దసరా దగ్గర పడేదాకా ఆగుతూనే ఉంది. పూర్తిగా చెడిపోయి ఉంటే బాగు చేయించేవాణ్ణి, లేదంటే అమ్మేసేవాణ్ణి. అది అలా చెడలేదు. ఎప్పుడు ఆగుతుందో తెలియదు, మళ్ళీ ఎందుకు స్టార్ట్ అవుతుందో తెలియదు. ఆ నెలలన్నీ భయంతో నడిపాను. ఊళ్ళో వాళ్ళ బళ్ళు అడుక్కుని తిరిగాను. చివరికి దొరికింది వేలెడంత వైరు. ఇది ఎవరికైనా రావచ్చు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటిసారి ఇంటి ముందే ఆగింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది. హ్యాండిల్ లాక్ తీసి తాళం తిప్పాను. మీటర్ మీద పచ్చ లైటు రాలేదు. సెల్ఫ్ నొక్కితే చప్పుడు లేదు. కిక్ కొట్టాను, ఉలుకూ పలుకూ లేదు. బండిని గుంజి రోడ్డు మీదికి తెచ్చాను. మళ్ళీ తాళం తిప్పితే పచ్చ లైటు వెలిగింది. ఒక్క కిక్కుకు స్టార్ట్ అయింది. బ్యాటరీ దగ్గర ఏదో లూజ్ ఉంది అనుకున్నాను. ఆ సాయంత్రం మెకానిక్ చూస్తే టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. గీకి, బోల్టులు బిగించి, వాసలీన్ రాశాడు. కారణం దొరికింది కదా అని ఇద్దరం సంతోషించాం.

కొన్ని వారాలు ఏ గొడవా లేదు.

ఎండలు ముదిరాక నడుస్తున్న బండి ఆగింది. తారు రోడ్డు మీంచి ఎడమకు, ఒక తండా బాటలోకి తిరుగుతున్నాను. ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా పోయింది. పెట్రోల్ అయిపోతే బండి కాస్త ఎగిరెగిరి, దగ్గి ఆగుతుంది. ఇది అలా కాదు. తాళం తీసేసినట్టు ఆగింది. దిగి, తోసుకుంటూ చెట్టు కిందికి తెచ్చాను. తాళం తిప్పితే స్టార్ట్ అయింది.

ఈసారి అచ్చంపేటకు తీసుకెళ్ళాను. మెకానిక్ డబుల్ స్టాండ్ వేసి, హ్యాండిల్ తిన్నగా పెట్టి మీటర్ పట్టాడు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా వచ్చింది. అంటే ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు. అయినా బ్యాటరీ పాతదే కదా, మార్చేద్దాం అన్నాడు. సరే అన్నాను. పదిహేను వందలయ్యాయి. కొత్త బ్యాటరీతో కొన్నాళ్ళు బాగా నడిచింది.

ఈ కొన్నాళ్ళే నన్ను ముంచాయి. అప్పుడప్పుడు వచ్చే లోపం ఎలాగూ కొన్నాళ్ళు రాకుండా ఉంటుంది. ఆ సమయంలో ఎవరు చెయ్యి పెడితే వాళ్ళే బాగు చేసినట్టు కనిపిస్తుంది. ప్లగ్ మారిస్తే ప్లగ్, సీడీఐ మారిస్తే సీడీఐ. మృగశిర కార్తె నాటికి రెండూ మార్పించాను. ఒకాయన వైరింగ్ కిట్టు పోయిందేమోనని మల్టీమీటర్‌తో ఒక్కొక్క వైరూ చూశాడు. ప్రతి వైరుకూ మీటరు కూత పెట్టింది. వైరింగ్ బ్రహ్మాండంగా ఉంది, మీకు క్లచ్ వదలడం చేత కాక ఆఫ్ చేస్తున్నారేమో అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నవాణ్ణి, నిజంగా నేనే ఏమైనా చేస్తున్నానా అని ఆ రాత్రి ఆలోచించాను.

వానలు మొదలయ్యాక నా నడక మారింది. రైతు ఇంటి ముందు బండి ఆపితే ఇంజిన్ ఆపేవాణ్ణి కాదు. బండి బయట నడుస్తూ ఉండేది, నేను లోపల సూది వేసేవాణ్ణి. ఆ చప్పుడుకు పశువు బెదిరేది. స్ట్రాను గోరువెచ్చటి నీళ్ళలో కరిగించేటప్పుడు కూడా చెవి బయటే ఉండేది. ఒక రైతు అడిగాడు, "బండి బంద్ చెయ్యరాదా సారూ, పెట్రోల్ పోతలేదా" అని. తొందరగా వెళ్ళాలి అని చెప్పాను. నిజం చెప్పడానికి సిగ్గేసింది.

ఇంజిన్ ఆపక తప్పని చోట వాలు చూసి పెట్టేవాణ్ణి. గేరులో వేసి తోస్తే అందుకుంటుందని. నా బండికి అది పని చేయదు. ఇగ్నిషన్ కరెంటు బ్యాటరీ నుంచే, తాళం మీదుగా వెళ్తుంది. ఆ దారి తెగితే కిక్ కొట్టినా, వాలులో తోసినా ఒకటే. అది నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో వాలు కనిపిస్తే చాలు, ధైర్యం వచ్చేది.

శ్రావణం మొదట్లో ఒక పొద్దున ఒకామె ఫోన్ చేసింది. ఆమెకున్నది ఒకటే బర్రె. భర్త లేడు. "డాక్టర్ సాబ్, తీగలేస్తుంది. పొద్దుగాల నుంచి అరుస్తుంది. జల్ది రా" అంది. సాయంత్రం వస్తానన్నాను. నాలుగింటికి బయలుదేరాను. అడవి అంచున, ఫోన్ సిగ్నల్ పోయే చోట బండి ఆగింది. ఈసారి తోసినా రాలేదు. తాళం తీసి పెట్టాను. సీటు తీసి బ్యాటరీ వైర్లు కదిపాను. ఫ్యూజు తీసి చూశాను, బాగానే ఉంది. వాన మొదలైంది. అటు వచ్చిన ట్రాక్టర్ వాళ్ళు నన్నూ క్యాన్‌నూ ఎక్కించుకుని వెనక్కి మా ఊళ్ళో దింపారు. అప్పటికి చీకటి పడింది. బండి అక్కడే ఒక గుడిసె ముందు ఉండిపోయింది.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. ఫోన్ మంచం మీద మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎత్తలేదు. బండి ఆగిందని చెప్తే నమ్మదని కాదు. అప్పటికే ఆ మాట చాలామందికి చెప్పి ఉన్నాను. నా నోటికే అది సాకులా వినిపించేది. తర్వాత ఆమె పదర వైపు పనిచేసే ఇంకో గోపాలమిత్రను పిలిపించుకుంది. ఇప్పటికీ అతన్నే పిలుస్తుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

నా బండిని తెచ్చుకున్నా, అప్పటి నుంచి ఎక్కువగా పక్కింటి తమ్ముడి బండి మీదే తిరిగాను. అతనిది కూలి పని. పొద్దున ఆరింటికి బండి కావాలి, సాయంత్రం ఆరింటికి తిరిగొస్తాడు. మధ్యలో నేను తీసుకుంటే అతను నడిచి వెళ్ళేవాడు. పెట్రోల్ పోయించి ఇచ్చినా తీసుకోను అనేవాడు. బలవంతంగా పోయించేవాణ్ణి. ఒకరి బండి వాడుకుంటూ రోజు గడపడం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

రాఖీ పండగకు మా అమ్మాయిని అచ్చంపేట హాస్టల్ నుంచి తేవాలి. ఆ వారమంతా నా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. దాని మీదే వెళ్ళాను. క్యాన్ నింపించుకుని, సామాన్లు తీసుకుని, అమ్మాయిని ఎక్కించుకుని బయలుదేరేసరికి బాగా పొద్దుపోయింది. హాజీపూర్ దాటితే మన్ననూర్ దాకా ఘాట్. మన్ననూర్ దగ్గర శ్రీశైలం వైపు అటవీ గేటును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. అందుకని ఆ లోపు దాటాలనుకునే లారీలు, కార్లు ఘాట్‌లో తొందర మీద ఉంటాయి.

ఎడమకు తిరిగే ఒక మలుపులో, రెండో గేరులో ఎక్కుతుండగా బండి ఆగింది. ఇంజిన్ పోయింది. హెడ్ లైటు పోయింది. మీటర్ చీకటి. వెనక లైటు కూడా లేదు. బండి వెనక్కి జారింది. రెండు బ్రేకులూ పట్టాను. కాలు కంకర మీద జారి మళ్ళీ ఆనింది. కింద మలుపులో లారీ లైట్లు తిరుగుతున్నాయి.

"దూకు" అని అరిచాను. అమ్మాయి దూకింది. ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ మనసొప్పదు. బండిని పక్కకు లాగాలని తోచలేదు. సెల్ఫ్ బటన్ నొక్కుతూనే ఉన్నాను. లైటు కూడా లేని బండి సెల్ఫ్‌కు రాదని నాకు తెలుసు. అయినా బొటనవేలు ఆగలేదు. అమ్మాయే నా జేబులోంచి ఫోన్ లాక్కుని, టార్చ్ వేసి, మలుపు కింది వైపు పరిగెత్తి ఊపింది. లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని తప్పించుకుని పోయింది. దాని గాలి తగిలింది.

లారీ వెనకే పదర వెళ్ళే ఆర్టీసీ బస్సు వచ్చింది. డ్రైవరు మా వెనక బస్సు ఆపి, లైట్లు వేసే ఉంచాడు. కండక్టరు దిగి నాతో పాటు బండిని తోసి రోడ్డు అంచుకు చేర్చాడు. నేను ఇంకా తాళం తిప్పుతుంటే డ్రైవరు కిటికీలోంచి గట్టిగా అన్నాడు: "బండి సంగతి తర్వాత సూద్దువు. ముందు పిల్లను ఎక్కియ్యి." అమ్మాయిని, క్యాన్‌ను బస్సు ఎక్కించాను. మన్ననూర్‌లో మా బావమరిదికి అప్పగిస్తామన్నారు. అప్పగించారు. కదిలే ముందు డ్రైవరు ఇంకో మాట చెప్పాడు: "అచ్చంపేటల ట్రాక్టర్లకు వైరింగ్ చేసే పెద్దమనిషి ఉన్నడు. బండ్ల మెకానిక్కులకు కాదు, ఆయనకు సూపియ్యి."

బస్సు వెళ్ళిపోయాక ఆ చీకట్లో నేనూ బండీ మిగిలాం. అది ఎలుగులు తిరిగే అడవి. కాసేపటికి హ్యాండిల్ తిన్నగా చేసి తాళం తిప్పితే పచ్చ లైటు వెలిగింది. నాకు సంతోషం కలగలేదు, ఇంకా భయమేసింది. నమ్మకం లేని బండి మీద మిగతా ఘాట్ ఎక్కాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంట్లో అమ్మాయి ఏమీ అనలేదు. పండగ అయ్యాక మాత్రం, "నేను బస్సుల పోత నాన్నా" అంది.

వైరింగ్ మేస్త్రీ దగ్గరికి బండి తీసుకెళ్ళింది ఆ తర్వాతే. అరవై దాటిన మనిషి. దుకాణం అంటే ఒక రేకుల కొట్టు, ముందు ఒక వేపచెట్టు. నేను బ్యాటరీ, సీడీఐ, ప్లగ్ కథంతా చెప్పాను. మారిన సామాను గురించి ఆయన ఏమీ అడగలేదు.

"ఆగినప్పుడు హారన్ మోగుతదా?" అన్నాడు.

"చూడలేదన్నా."

"బ్రేకు లైటు?"

చూడలేదు.

"హ్యాండిల్ ఎటు దిక్కు ఉంటది?"

అదీ తెలియదు. ఆగిన ప్రతిసారీ నేను చేసింది ఒకటే, ఎలాగైనా స్టార్ట్ చేయడం. నాకే కాదు, మెకానిక్కులకూ ఆగిన బండి ఎప్పుడూ కనిపించలేదు. వాళ్ళ దగ్గరికి వచ్చేది నడిచే బండే.

ఆయన బండి విప్పలేదు. "ఇప్పుడు మంచిగున్నది తమ్మీ. మంచిగున్నప్పుడు ఏం దొరకది. నేను కూడా ఏదో ఒకటి మార్చి పైసలు తీసుకోవాలె. మళ్ళ ఆగినప్పుడు ఏదీ కదపకు. హ్యాండిల్ కూడా కదపకు. ఏం పని చేస్తుంది, ఏం చేస్తలేదు చూసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు. ఒక ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు వైర్లు తీసుకున్నాడు. ఒక వైరు చివర మొసలి క్లిప్పు, రెండో వైరు చివర సూది కట్టాడు. అది టెస్ట్ బల్బు. సీటు తీసి ఎలా వాడాలో చూపించాడు. క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టాలి. సూదితో ప్లస్ నుంచి మొదలుపెట్టి ముందుకు తాకుతూ పోవాలి. ఎక్కడిదాకా వెలిగితే అక్కడిదాకా కరెంటు ఉన్నట్టు. వెలిగిన చోటుకూ వెలగని చోటుకూ మధ్యలోనే లోపం. క్లిప్పు తీసి ఛాసిస్‌కు పెట్టినా బల్బు అంతే వెలిగితే ఎర్తు బాగున్నట్టు.

ఆయన చెప్పిన లెక్క నేను ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నాను. ఇలా ఉంది.

తాళం తిప్పినా లైటు, హారన్, ఇండికేటరు ఏదీ లేకపోతే మెయిన్ లైనులో లోపం. బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్తు వైరు, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్చి, వాటి మధ్య వైరు చూడాలి. ప్లగ్గు, సీడీఐ జోలికి పోనక్కర్లేదు.

లైట్లు, హారన్ బాగుండి సెల్ఫ్ మాత్రం ఉలకకపోతే సెల్ఫ్ వైపు చూడాలి. బటన్, క్లచ్ స్విచ్చి, ఉంటే సైడ్ స్టాండ్ స్విచ్చి, రిలే. రిలే టిక్కుమంటూ మోటారు తిరగకపోతే బ్యాటరీ చాలడం లేదు, లేదా మోటారు బ్రష్షులు అరిగాయి. సెల్ఫ్ నొక్కినప్పుడు బ్యాటరీ వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించవచ్చు.

సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే అప్పుడు చూడాల్సినవి కిల్ స్విచ్చి, పెట్రోలు, ప్లగ్గు, కాయిలు, పికప్ కాయిలు, సీడీఐ. ఇంజిన్ కాగాక ఆగి చల్లారాక మళ్ళీ స్టార్ట్ అవుతుంటే పికప్ కాయిలు, సీడీఐ మీద ముందు చూపు పెట్టాలి.

నేను డబ్బు పెట్టినవి చాలావరకు మూడో రకానివి. నా బండిది మొదటి రకం. ఘాట్‌లో హెడ్ లైటు, మీటరు కలిసి పోయినప్పుడే అది తెలియాలి. కానీ అంత భయంలో ఎవరికీ ఏదీ తెలియదు.

వినాయక చవితి దాటాక ఒక పొద్దున, ఒక రైతు కొట్టం ముందు బండి మళ్ళీ చచ్చింది. సైడ్ స్టాండ్ మీద ఉంది. గుండె దడదడలాడింది. కానీ ఈసారి చేయడానికి ఒక పని ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని ముందు చూశాను. తాళం ఆన్‌లో ఉంది. పచ్చ లైటు లేదు. హారన్ లేదు. బ్రేకు నొక్కితే వెనక లైటు లేదు. సీటు తీసి బల్బు పట్టాను. బ్యాటరీ దగ్గర కాంతిగా వెలిగింది. ఫ్యూజుకు ఇటువైపు వెలిగింది, అటువైపూ వెలిగింది. మేస్త్రీకి ఫోన్ చేశాను.

"హ్యాండిల్ ఎటున్నది?"

సైడ్ స్టాండ్ వేస్తే హ్యాండిల్ ఎడమకు వాలి ఉంటుంది. అదే చెప్పాను.

"తాళం ఆన్‌లనే ఉంచు. మెల్లగ కుడికి తిప్పు. పచ్చ లైటు కెళ్ళి చూడు."

తిప్పాను. మధ్యకు రాకముందే పచ్చ లైటు వెలిగింది. మళ్ళీ ఎడమకు తిప్పాను, ఆరింది. కుడికి వెలిగింది. ఎడమకు ఆరింది. ఆపలేకపోయాను, తిప్పుతూనే ఉన్నాను. రైతు చూస్తుండగానే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నేను అబద్ధం చెప్పడం లేదు అన్నది నా కళ్ళ ముందు వెలిగి ఆరుతోంది.

మేస్త్రీ బండి నడపొద్దన్నాడు. ఆ రైతు తన ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించి అచ్చంపేటకు తెచ్చాడు. కిరాయి తీసుకోలేదు. అతని ఆవుకు సూది వేశాకే బయలుదేరాం.

వేపచెట్టు కింద మేస్త్రీ హెడ్ లైటు డూము విప్పాడు. ముందు నాకు ఒకటి చూపించాడు. ఫ్యూజు నుంచి తాళానికి వెళ్ళే ఎర్ర వైరు రెండు కొసలకూ మల్టీమీటర్ పెట్టి హ్యాండిల్ సగం ఎడమకు తిప్పాడు. మీటరు కూత పెట్టింది. అంటే వైరు బాగున్నట్టే. అదే చోట, హ్యాండిల్ అలాగే ఉంచి, మీటరు తీసి ఆ వైరు మీదుగా హెడ్ లైటు బల్బుకు కరెంటు ఇచ్చాడు. బల్బు ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది. వైరు లోపల ఒక్క పోగు మిగిలినా మీటరు కూత పెడుతుంది, దానికి కావలసిన కరెంటు అంత తక్కువ. బండి లైటు, హారన్, సీడీఐ ఆ ఒక్క పోగు మీద నడవవు. వైరింగ్ బ్రహ్మాండంగా ఉందన్న మెకానిక్ కూడా అబద్ధం చెప్పలేదు. అతని మీటరు అదే చెప్పింది.

తర్వాత హ్యాండిల్ మెడ దగ్గర నల్ల టేపు కోశాడు. వైర్ల కట్టను ఒక ప్లాస్టిక్ ట్యాగ్‌తో ఛాసిస్‌కు బిగించి కట్టి ఉంది. ఎవరు ఎప్పుడు బిగించారో తెలియదు. కట్టకు అక్కడ కదలిక లేదు. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ వైర్లు ఆ ఒక్క చోటే మడత పడ్డాయి. ఎర్ర వైరు పైతొడుగు మీద గీత కూడా లేదు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగాడు. అది రబ్బరులా సాగింది. లోపల రాగి ఉంటే వైరు సాగదు. తొడుగు చీలిస్తే పచ్చటి పొడి రాలింది. పోగులన్నీ తెగి, రెండు మూడు మాత్రం ఒకదానికొకటి తాకుతూ ఉన్నాయి.

అక్కడికి అన్నీ కలిశాయి. హ్యాండిల్ లాక్ ఎడమకు పడుతుంది, అందుకే పొద్దున స్టార్ట్ కాలేదు. రోడ్డు మీదికి గుంజితే హ్యాండిల్ తిన్నగా వస్తుంది, అందుకే స్టార్ట్ అయింది. తండా బాటకు ఎడమకు తిరిగాను. ఘాట్‌లో ఎడమ మలుపు. మొదట్లో పూర్తిగా తిప్పితేనే తెగేది. పోగులు తగ్గే కొద్దీ సగం తిప్పినా, గుంతలో కుదిపినా తెగింది. మెకానిక్కుల దగ్గర డబుల్ స్టాండ్ మీద హ్యాండిల్ తిన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ బాగుంది.

ఆయన అంతే లావు కొత్త వైరు వేసి, రెండు చివర్లా సోల్డరింగ్ పెట్టి, స్లీవ్ తొడిగి వేడి చేశాడు. హ్యాండిల్ తిరగడానికి సరిపడా వదులు ఉంచి కట్టాడు. పక్క వైర్లన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు చాలాసేపు తిప్పి చూశాడు. మూడు వందలు తీసుకున్నాడు. నేను అయిదు వందలు ఇస్తే మిగతాది తిరిగిచ్చాడు. అప్పటి నుంచి బండి అలా ఆగలేదు.

నాకు భయం మాత్రం పోలేదు. ఎడమ మలుపు వస్తే భుజాలు బిగుసుకుంటాయి. మా అమ్మాయి ఘాట్‌లో ఇప్పటికీ బస్సే ఎక్కుతుంది. నేనూ రమ్మని అడగను.

ఆ బస్సు డ్రైవరు, కండక్టరు, నన్ను వానలో ఊరు చేర్చిన ట్రాక్టర్ వాళ్ళు, తన బండి ఇచ్చి నడిచి వెళ్ళిన పక్కింటి తమ్ముడు, కిరాయి తీసుకోని రైతు, తెలియనప్పుడు బండి విప్పనని చెప్పిన మేస్త్రీ. వీళ్ళలో ఒక్కరు లేకపోయినా నేను ఈ పని మానేసేవాణ్ణి. మా అమ్మాయి టార్చ్ ఊపకపోతే ఏమయ్యేదో రాయలేను.

మీ బండి ఇలా ఆగితే ముందు వెనక ఉన్న మనిషిని దింపి రోడ్డు పక్కకు పంపండి. తర్వాత బండిని పక్కకు తీయండి. లైట్లు లేని బండి చీకట్లో ఎవరికీ కనిపించదు, ఒక టార్చ్, వెనక కాస్త రిఫ్లెక్టర్ స్టిక్కరు ఎప్పుడూ ఉంచుకోండి. చోటు భద్రమైతే స్టార్ట్ చేసే ముందు ఒక్క నిమిషం చూడండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళయితే టెస్ట్ బల్బును బ్యాటరీ, ఫ్యూజు దగ్గరే వాడండి. సెన్సార్ల వైర్లకు, ఈసీయూ వైర్లకు పెట్టొద్దు, అవి కాలిపోవచ్చు. మెకానిక్ దగ్గర "అప్పుడప్పుడు ఆగుతోంది" అని ఊరుకోకండి. హారన్ మోగిందా, లైటు వెలిగిందా, హ్యాండిల్ ఎటుంది, ఇంజిన్ వేడి మీద ఉందా అన్నది చెప్పండి. అవన్నీ విని కూడా ఏదో ఒకటి మార్చి చూద్దాం అంటే, బండి తీసుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.